పెద్దవయసులో కదలికను పట్టే చూపు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కళ్లకు సంబంధించినవే ఎక్కువ. వాటిలో కొన్ని మామూలుగా వచ్చే అద్దాల నంబరు ప్రశ్నలు కావు. కదులుతున్న వాటిని గుర్తించడం, ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో సరిగా అంచనా వేయడం వయసు మీదపడిన కొద్దీ ఎందుకు కష్టమవుతుందని ఆ పాఠకులు అడిగారు. ఆసుపత్రి రద్దీలో ఈ విషయం తీరిగ్గా మాట్లాడే వ్యవధి వైద్యుడికీ దొరకదు, రోగికీ దొరకదు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాపుకు 72 ఏళ్లు. పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. రెండు కళ్లకూ మోతిబిందు ఆపరేషన్ అయింది. పరీక్షలో చివరి వరుస దాకా చదివారు, చూపు 6/6 అని రాసిచ్చారు. అయినా హనుమకొండ చౌరస్తా దగ్గర రోడ్డు దాటాలంటే బండి దూరంగా ఉన్నప్పుడు ఆగిపోతారు, దగ్గరికి వచ్చాక అడుగు వేస్తారు. ఈమధ్య ఒక మోటారు సైకిల్ ఆయన చేతిసంచిని రాసుకుంటూ పోయింది. "అది అక్కడ లేనే లేదు బిడ్డా" అంటున్నారు. ఆయనకు ధ్యాస లేదని మా తమ్ముడు కోప్పడుతున్నాడు. లోపం కళ్లదా, ధ్యాసదా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: అమ్మా, మీ బాపు మాటను నమ్మండి. ఆ మోటారు సైకిల్ ఆయన కళ్ల ఎదుటే ఉండి ఉండవచ్చు, కానీ అది వస్తున్నదనీ, ఎంత వేగంతో వస్తున్నదనీ ఆయనకు సకాలంలో తెలియలేదు. 6/6 అని రాసిచ్చిన కాగితం కూడా నిజమే చెప్పింది. అయితే అక్కడ జరిగిన పరీక్ష వేరు, రోడ్డు మీద జరిగేది వేరు. గోడకు తగిలించే అక్షరాల పట్టికను నెదర్లాండ్స్ కంటివైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో రూపొందించారు. దాని ముందు కూర్చున్నవారు మంచి వెలుతురులో, తెల్లని నేపథ్యం మీద, కదలకుండా ఉన్న నల్లని అక్షరాన్ని, తమకు కావలసినంత సేపు చూసి చదువుతారు. చౌరస్తాలో ఈ సౌకర్యాల్లో ఒక్కటీ దొరకదు. అమెరికాలో ఆల్బర్ట్ బర్గ్ అనే పరిశోధకుడు వేలమంది డ్రైవర్లను పరీక్షించి 1966లో ప్రచురించిన ఫలితాల్లో, కదిలే గుర్తును పోల్చుకునే శక్తి నిలకడగా ఉన్న గుర్తును పోల్చుకునే శక్తి కన్నా ముందుగానూ ఎక్కువగానూ తగ్గుతుందని తేలింది. అరవై ఏళ్లు గడిచినా మన కంటి పరీక్షలు ఎక్కువగా నిలకడ అక్షరాల దగ్గరే ఆగిపోతున్నాయి. దీన్ని నేను చిన్న లోటుగా భావించడం లేదు.

కదలికను పసిగట్టే పని చాలావరకు మెదడులో జరుగుతుంది. మెదడు వెనుక భాగంలో, రెండు వైపులా, కదలికకు ప్రత్యేకించిన ఒక చిన్న ప్రాంతం ఉన్నదని 1970ల మొదట్లో సెమిర్ జెకీ తదితరులు కోతుల మెదళ్లను పరిశీలించి గుర్తించారు. ఆ ప్రాంతం దెబ్బతింటే ఏమవుతుందో 1983లో జర్మనీ వైద్యులు ప్రచురించిన ఒక మహిళ ఉదంతం చూపించింది. ఆమెకు అక్షరాలు, రంగులు, ముఖాలు అన్నీ కనిపించేవి. కప్పులో టీ పోస్తుంటే మాత్రం ఆ ధార గడ్డకట్టినట్టు నిలిచిపోయి కనిపించేది, కప్పు ఎప్పుడు నిండుతుందో తెలిసేది కాదు. రోడ్డు మీద కారు ముందు చాలా దూరంగా ఉండేది, మరుక్షణం ఎదురుగా ప్రత్యక్షమయ్యేది. చివరకు ఆమె బండి చప్పుడు పెరగడాన్ని బట్టి దూరాన్ని అంచనా వేయడం నేర్చుకున్నారు. మీ బాపుకు అలాంటి జబ్బు ఉన్నదని నేను అనడం లేదు. చదవగలిగే చూపు చెక్కుచెదరకుండా ఉండగానే కదలికను చూసే చూపు విడిగా తగ్గగలదని చెప్పడానికే ఆ ఉదంతాన్ని ప్రస్తావించాను.

వయసుతో జరిగే మార్పు అంత తీవ్రమైనది కాదు, కానీ అది చాలామందిలో కనిపిస్తుంది. మొదటి కారణం కంట్లోనే ఉన్నది. చీకట్లో యౌవనంలో విచ్చుకున్నంతగా కంటిపాప ముసలితనంలో విచ్చుకోదు, కంటిలోని సహజమైన కటకం పచ్చబడుతుంది. ఆపరేషన్ కాని కళ్లలో ఈ రెండూ కలిసి, అరవై ఏళ్ల మనిషి కంటి లోపలి తెర అయిన రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్లవారితో పోలిస్తే మూడో వంతుకు పడిపోతుందని అంచనా. ఆపరేషన్‌లో కటకం మారుతుంది కాబట్టి మీ బాపుకు ఆ ఇబ్బంది కొంత తీరినట్టే. రెండో కారణం ఆపరేషన్‌తో తీరేది కాదు. కుడివైపు కదలికకు స్పందించే కణాలు కొన్ని, ఎడమవైపుకు స్పందించేవి కొన్ని, ఇలా మెదడులో దిశల వారీగా పని పంచుకున్న కణాలు ఉంటాయి. ముసలి కోతుల మెదళ్లలో చేసిన పరిశోధనల ప్రకారం, వయసు పైబడ్డాక ఈ కణాలు తమకు సంబంధించని దిశలకు కూడా స్పందిస్తాయి, ఏ కదలికా లేనప్పుడు కూడా ఊరకే మోగుతుంటాయి. మేడారం జాతర రద్దీలో పక్కనున్న మనిషి పిలుపు వినబడనట్టు, ఈ రొదలో అసలు సంకేతం కలిసిపోతుంది. కణాలను అదుపులో ఉంచే గాబా అనే రసాయనం సరిగా పనిచేయకపోవడమే ఇందుకు ముఖ్య కారణమని తోస్తున్నది. 2003లో ముసలి కోతుల మెదడులోని చూపు కణాలకు ఆ రసాయనాన్ని అందించినప్పుడు వాటిలో చాలా కణాలు మళ్లీ వయసులో ఉన్న కణాల్లా స్పందించాయి.

ఇక రోడ్డు దాటే సంగతి. అవతలి గట్టుకు చేరేలోపు బండి వస్తుందా రాదా అని తేల్చుకోవడానికి దూరమూ కావాలి, వేగమూ కావాలి. ఫ్రాన్స్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ పెద్దవారిపై జరిపిన అధ్యయనాల్లో, వారు ఎక్కువగా దూరాన్ని బట్టే నిర్ణయం తీసుకుంటున్నారనీ, వేగాన్ని తగినంతగా లెక్కలోకి తీసుకోవడం లేదనీ తేలింది. దాని ఫలితం ఎంతటిదో లెక్క వేసి చూద్దాం. ఏడు మీటర్ల రోడ్డును సెకనుకు 0.9 మీటర్ల నడకతో దాటడానికి సుమారు 8 సెకన్లు పడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 8 సెకన్లలో 67 మీటర్లు వస్తుంది, 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 133 మీటర్లు వస్తుంది. కాబట్టి బండి 80 మీటర్ల దూరంలో ఉండగా బయలుదేరిన మనిషి మొదటి బండి నుంచి క్షేమంగా బయటపడతాడు, రెండో బండి ముందు నడిరోడ్డున చిక్కుకుంటాడు. మీ బాపు యౌవనంలో వరంగల్ రోడ్ల మీద రిక్షాలు, సైకిళ్లు, ఆగి ఆగి పోయే బస్సులు తిరిగేవి. అప్పుడు దూరాన్ని చూసి దాటడమే సరిపోయేది. ఆ అలవాటు అప్పటి వేగాలకు తగినది.

మోటారు సైకిళ్లతో ప్రమాదం మరీ ఎక్కువ. మన వైపు నేరుగా వచ్చే బండి పక్కకు జరగదు, దాని ఆకారం కంట్లో పెద్దదవుతుంది, అంతే. ఆ పెరుగుదలను బట్టే వేగం తెలుస్తుంది. 80 సెంటీమీటర్ల వెడల్పున్న మోటారు సైకిల్ 100 మీటర్ల దూరంలో, చాచిన చేతి బొటనవేలి వెడల్పులో నాలుగో వంతు మాత్రమే కనిపిస్తుంది. అదే వేగంతో, అదే దూరంలో వచ్చే లారీ ఆకారం దానికన్నా మూడు రెట్లు త్వరగా పెరుగుతుంది. పైగా దూరం రెట్టింపైతే పెరుగుదల నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువల్ల దూరాన ఉన్నంతసేపూ మోటారు సైకిల్ కదలనట్టే అనిపించి, చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా మీదికి వచ్చినట్టు ఉంటుంది. కుర్రవారికి కూడా ఈ ఇబ్బంది ఉన్నది. కదలికను పట్టే శక్తి తగ్గినవారికి ఆ చివరి క్షణం మరింత ఆలస్యంగా తెలుస్తుంది. "అది అక్కడ లేనే లేదు" అన్న మాట అక్కడి నుంచే పుట్టింది.

మీ తమ్ముడు అన్నదానిలో కొంత నిజం లేకపోలేదు, అయితే కోపానికి కారణం లేదు. ఒక్క చూపులో, తల తిప్పకుండా, ఎంత మేర నుంచి ఉపయోగపడే సమాచారాన్ని గ్రహించగలమో కొలిచే పరీక్ష ఒకటున్నది. ఆ మేర వయసుతో కుంచించుకుపోతుంది, చుట్టూ రద్దీ ఉన్నా మనసు మరో పనిలో ఉన్నా ఇంకా తగ్గుతుంది. అడుగు ఎక్కడ పడుతున్నదో చూసుకుంటూ, సంచి సర్దుకుంటూ, హారన్లకు ఉలిక్కిపడుతూ నడిచే పెద్దాయనకు ఆ చూపు ఎదుట ఉన్న కొద్దిమేరకే పరిమితమవుతుంది. దీన్ని అశ్రద్ధ అనకూడదు. మందలింపుతో ఇది మారదు, రోడ్డు దాటే పద్ధతి మారితే ప్రమాదం తగ్గుతుంది. డివైడర్ ఉన్నచోటే దాటమనండి, అప్పుడు ఒక్కో విడతలో ఒక్క వైపు వచ్చే బండ్లనే చూసుకుంటే సరిపోతుంది. నా దగ్గరికి వచ్చేవారికి నేను మరో ఉపాయం కూడా చెబుతుంటాను. బండి వేగాన్ని నేరుగా అంచనా వేయబోకుండా, అది ఒక కరెంటు స్తంభం నుంచి మరో స్తంభానికి ఎంతసేపట్లో వస్తున్నదో చూడాలి. స్తంభాల మధ్య 30 మీటర్లు ఉంటే, మనసులో నెమ్మదిగా రెండు లెక్కపెట్టేలోపు దాటిన బండి గంటకు సుమారు 54 కిలోమీటర్ల వేగానికి తక్కువ రావడం లేదని అర్థం. అలాంటి బండ్లు వస్తున్న రోడ్డులో, అవి దాటిపోయాకే అడుగు వేయాలి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. చిన్నప్పటి నుంచి మగ్గం మీద జంపఖానాలు నేస్తున్నాను. పడుగులో ఒక్క పోగు పక్కకు జరిగినా ఇప్పటికీ కనిపెడతాను. కానీ నా మనవడు విసిరిన బంతి చేతికి అందడం లేదు, ఎక్కడికి వస్తున్నదో తెలిసేలోపే దాటిపోతున్నది. ఒక చూపు ఇంత బాగుండి ఇంకొకటి ఇట్లా కావడం ఏమిటి? (ఒక నేత కార్మికుడు, కొత్తవాడ, వరంగల్)

జవాబు: మీ రెండు అనుభవాలూ శాస్త్రం చెప్పేదానితో సరిగ్గా కలుస్తున్నాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలను తయారుచేసే చేతులకు తోడుగా ఎలాంటి కళ్లు పనిచేస్తున్నాయో ఈ ప్రశ్న వల్ల పాఠకులకు తెలుస్తుంది.

రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా, ఒకటి ఇసుమంత పక్కకు జరిగిందా అని చెప్పగలగడం మనిషి చూపులోని అతి సూక్ష్మమైన శక్తుల్లో ఒకటి. వర్క్‌షాపుల్లో సూక్ష్మమైన కొలతలు తీయడానికి వాడే వెర్నియర్ కాలిపర్స్ ఈ శక్తి మీద ఆధారపడే పనిచేస్తుంది. అన్నీ అనుకూలిస్తే, మీటరు దూరం నుంచి మిల్లీమీటరులో నలభయ్యో వంతు తేడాను కూడా మంచి కన్ను కనిపెట్టగలదు. రెటీనాలో పక్కపక్కన ఉండే రెండు కణాల మధ్య ఎడం కన్నా ఇది చిన్నది. ఒక్కో కణం ఇచ్చే సమాచారంతో ఇది సాధ్యం కాదు. గీత పొడవునా ఉన్న ఎన్నో కణాల సంకేతాలను మెదడు కలిపి సరాసరి తీస్తుంది కాబట్టే సాధ్యమవుతుంది. కొన్ని కణాలు మందగించినా సరాసరి పెద్దగా మారదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న కళ్లలో ఈ శక్తి వయసుతో పాటు తగ్గడం చాలా తక్కువ. దానికి తోడు మీ పడుగు మీ ముందు నిలకడగా ఉన్నది, చూడటానికి వ్యవధి ఉన్నది, ఏళ్ల తరబడి ఆ పనిలో ఆరితేరిన అనుభవమూ ఉన్నది.

బంతి విషయంలో ఆ వ్యవధి లేదు. కంట్లో పడిన బొమ్మ మెదడులో స్పష్టమైన చూపుగా మారడానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుందని అనుకుంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అప్పటికే ఒక మీటరు ముందుకు వచ్చి ఉంటుంది. అంటే కదిలే వస్తువు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో చూడటం ఎవరికీ సాధ్యం కాదు, దాన్ని మెదడు ఊహించి సరిదిద్దుకోవలసిందే. ఈ సర్దుబాటు ఎలా జరుగుతుందనే దానిపై శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ చర్చ ఉన్నది. రోమి నిజావన్ 1994లో చూపించిన ప్రయోగం అందులో ప్రసిద్ధమైనది. కదులుతున్న గీత పక్కనే, సరిగ్గా అదే వరుసలో ఒక దీపం క్షణకాలం మెరిస్తే, దీపం వెనకబడినట్టూ గీత ముందుకు పోయినట్టూ చూసేవారికి కనిపిస్తుంది. కదలిక సంకేతం బలంగా అందినప్పుడే మెదడు ఈ ఊహను సరిగా చేయగలదు. పెద్దవయసులో ఆ సంకేతం బలహీనపడుతుంది, కన్ను వస్తువును వెంబడించే వేగం తగ్గుతుంది, చేయి కదలడానికి పట్టే సమయం పెరుగుతుంది. మీ మగ్గం మీద నాడె ఇటు నుంచి అటు పోవడాన్ని మీరు కళ్లతో వెంబడించడం లేదని నా నమ్మకం. దాని రాకపోకలు మీ చేతులకు ముందే తెలుసు. మనవడి బంతి మాత్రం ప్రతిసారీ కొత్త దారిలో వస్తుంది. కాస్త పెద్ద బంతిని, ముదురు రంగుదాన్ని, నేల మీద ఒకసారి తగిలి పైకి లేచేలా వేయమనండి, అందుకోగలరు.

ఇక్కడ మరో ఫలితాన్ని కూడా చెప్పాలి, ఎందుకంటే వయసుతో అన్నీ తగ్గుతాయన్న మాట పూర్తిగా నిజం కాదు. కెనడాలో బెట్స్ తదితరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, చారలున్న పెద్ద బొమ్మ ఏ వైపు కదిలిందో చెప్పడానికి యువకుల కన్నా పెద్దవారికి తక్కువ సమయం సరిపోయింది. నేపథ్యంలో కదిలే విశాలమైన దృశ్యాన్ని అణచిపెట్టి, దాని ముందున్న చిన్న వస్తువును వేరుచేసి చూపడం చురుకైన మెదడు చేసే పని. ఆ అణచివేత తగ్గినందువల్ల పెద్దవారికి నేపథ్యపు కదలిక ఎక్కువగా కనిపిస్తుంది. రద్దీ బజారులో అందరూ కదులుతున్నట్టు తెలుస్తూనే, అందులోంచి తనవైపు వచ్చే ఒక్క సైకిల్‌ను వేరుగా పట్టుకోలేకపోవడానికి ఇదొక కారణమై ఉండవచ్చు.

మీకు ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. నిటారుగా ఉన్న పోగులు మధ్యలో వంకర తిరిగినట్టు, అలల్లా వంగినట్టు ఎప్పుడైనా కనిపిస్తే అది వయసు సహజంగా తెచ్చే మార్పు కాదు. రెటీనా మధ్యలో ఉండే మాక్యులా కింద నీరు చేరినా, రక్తం కారినా అలా కనిపిస్తుంది. నెలకు రెండు మూడు సార్లు చదివే అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి తలుపు చట్రాన్నో, గళ్ల కాగితాన్నో, మీ పడుగునో చూసుకోండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను లోపాన్ని కప్పేస్తుంది. వంకర కనిపిస్తే వారం రోజుల్లోపు రెటీనా వైద్యుడిని కలవాలి. తొలి దశలో కంట్లో ఇంజెక్షన్లతో చూపును చాలావరకు కాపాడవచ్చు, మచ్చ కట్టిన తర్వాత సాధ్యం కాదు.

ప్రశ్న: కుడి కంటికి మోతిబిందు ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి ఇంకా కాలేదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటే, రోడ్డు మీద అటూ ఇటూ పోయే బండ్లు తిన్నగా పోకుండా ఒకవైపు పోయేవి దగ్గరగా, ఇంకోవైపు పోయేవి దూరంగా వంపు తిరిగి పోతున్నట్టు అనిపిస్తున్నది. ఇంట్లో చెబితే భ్రమ అంటున్నారు. (ఒక పాఠకురాలు, 69 ఏళ్లు, జనగామ)

జవాబు: అమ్మా, మీరు చూస్తున్నదానికి నూరేళ్ల కిందటే పేరు పెట్టారు. జర్మనీ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ పుల్‌ఫ్రిచ్ 1922లో దీన్ని వివరించారు, అందుకే దీన్ని పుల్‌ఫ్రిచ్ ప్రభావం అంటారు. ఒక కంటిచూపు పోయినందువల్ల దీన్ని ఆయన స్వయంగా చూడలేకపోయారు, తోటివారు చూసి చెప్పినదాన్ని ఆధారం చేసుకుని వివరించారు. తక్కువ వెలుతురు అందే కంటి నుంచి సంకేతం మెదడుకు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిలకడగా ఉన్న వస్తువు విషయంలో ఆ ఆలస్యం వల్ల తేడా ఏమీ రాదు. కదిలే బండి విషయంలో మాత్రం, మీ కుడి కన్ను అది ఇప్పుడున్న చోటును చెబుతుంటే, శుక్లం ఉన్న ఎడమ కన్ను కొద్దిగా వెనుకటి చోటును చెబుతుంది. రెండు కళ్ల బొమ్మల మధ్య తేడాను మెదడు ఎప్పుడూ దూరానికి గుర్తుగానే తీసుకుంటుంది. అందువల్ల ఎడమ నుంచి కుడికి పోయే బండి ఉన్నదానికన్నా దూరంగానూ, కుడి నుంచి ఎడమకు పోయే బండి దగ్గరగానూ కనిపిస్తుంది. మీరు రాసిన వంపు అదే.

దీనివల్ల రోడ్డు మీద ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి, మీరు నిలబడ్డ గట్టు పక్కగా వచ్చేవి కుడి నుంచి ఎడమకు పోతాయి, అవి ఉన్నదానికన్నా దగ్గరగా కనిపించడం వల్ల నష్టం లేదు. సగం రోడ్డు దాటాక ఎడమ నుంచి కుడికి పోయే బండ్లు మాత్రం ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తాయి. రెండో కంటికి ఆపరేషన్ అయ్యేవరకు ఒంటరిగా రోడ్డు దాటకండి, ద్విచక్ర వాహనం నడపకండి. రెండు కళ్లకూ వెలుతురు సమానమైతే ఈ ఇబ్బంది తగ్గిపోతుంది. ఏదైనా కారణం వల్ల రెండో ఆపరేషన్ ఆలస్యమయ్యేటట్టుంటే, బాగున్న కంటి ముందు లేత నల్లరంగు అద్దం పెట్టి రెండింటినీ సమం చేసే వీలు కూడా ఉన్నది, మీ వైద్యుడిని అడగండి. ఒక కన్ను బాగైందని రెండో కంటిని ఏళ్ల తరబడి వదిలేసేవారిని మన పల్లెల్లో చాలామందిని చూస్తుంటాను. వారికి చదవడానికి ఆ ఒక్క కన్ను చాలు, నడవడానికి చాలదు.

ప్రశ్న: కాజీపేట దగ్గర పట్టాలు దాటేటప్పుడు రైలు నెమ్మదిగా వస్తున్నట్టే కనిపించి, అంతలోనే మీదికి వచ్చేస్తుంది. ఇది కూడా వయసు వల్లనేనా? (ఒక పాఠకుడు, 64 ఏళ్లు)

జవాబు: ఇది అన్ని వయసులవారికీ ఉండే భ్రమ. ఒకే వేగంతో పోయే చిన్న వస్తువు కన్నా పెద్ద వస్తువు నెమ్మదిగా పోతున్నట్టు మనకు కనిపిస్తుంది, రైలు ప్రమాదాల వెనుక ఇది ఉండవచ్చని హెర్షెల్ లీబోవిట్జ్ 1985లో రాశారు. పట్టాల పక్కన నిలబడ్డవారికి రైలు దాదాపు ఎదురుగా వస్తుంది కాబట్టి, పక్కకు జరగని వస్తువు వేగం తెలియదన్న ఇబ్బంది దీనికి తోడవుతుంది. వయసు ఈ రెండో ఇబ్బందిని పెంచుతుంది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని లెవెల్ క్రాసింగులను 2019 జనవరి నాటికి పూర్తిగా తొలగించారు, కాబట్టి పట్టాలు నడిచి దాటవలసిన అవసరం ఎవరికీ లేదు. మెట్లు ఎక్కలేని పెద్దవారు అడ్డదారి పట్టడం నాకు తెలియని సంగతి కాదు. అయినా ఈ విషయంలో మీకు రాజీ సలహా ఇవ్వలేను. వంతెన మీదుగానో, గేటు దగ్గరో దాటండి.

ప్రశ్న: పద్మాక్షి గుట్ట మెట్లు దిగుతూ చివరి మెట్టు అయిపోయిందనుకుని పడ్డాను. ప్రోగ్రెసివ్ అద్దాలు కొత్తగా తీసుకున్నాను, నంబరు సరిగానే ఉన్నదన్నారు. (ఒక పాఠకురాలు, 70 ఏళ్లు, హనుమకొండ)

జవాబు: అద్దాల నంబరులో తప్పు లేకపోవచ్చు. ఆ అద్దాల కింది భాగం పుస్తకం దూరానికి తయారైనది. మెట్టు దిగేటప్పుడు మీరు ఆ కింది భాగంలోంచే చూస్తారు, కానీ మెట్టు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ మెట్టు అంచు మసకబారి, ఉన్నచోటు కన్నా కాస్త జరిగి కనిపిస్తుంది. రాతిమెట్లన్నీ ఒకే రంగులో ఉండటం వల్ల అంచు అసలే తెలియదు. ఆస్ట్రేలియాలో జరిపి 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తరచూ బయట తిరిగే పెద్దవారికి నడకకు ప్రత్యేకంగా దూరపుచూపు అద్దాలు ఇచ్చినప్పుడు వారు కిందపడటం సుమారు 40 శాతం తగ్గింది. ఇల్లు కదలకుండా ఉండేవారిలో మాత్రం ఆ మార్పు మేలు చేయలేదు. మీరు గుడికి నడిచి వెళ్లగలుగుతున్నారు కాబట్టి మొదటి కోవకు చెందుతారు. ఒక జత దూరపుచూపు అద్దాలు విడిగా చేయించుకోండి. ఇంట్లో మెట్ల అంచులకు తెల్లరంగు గీత వేయించండి, ఖర్చు తక్కువ.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. వరంగల్ నుంచి కరీంనగర్ రోడ్డు మీద నేనే కారు నడుపుకుంటూ వెళ్తుంటాను. చలికాలం పొద్దున పొగమంచులో, రాత్రి ఎదురు లైట్లలో ఇబ్బందిగా ఉన్నది. సాధనతో ఈ చూపు మెరుగవుతుందా? మానేయడం ఎప్పుడు మంచిది? (ఒక పాఠకుడు, హుజూరాబాద్)

జవాబు: కొంతవరకు మెరుగవుతుంది. తెరమీద కదిలే చుక్కల దిశను చెప్పే అభ్యాసం చేసిన పెద్దవారిలో ఆ శక్తి పెరిగిందనీ, కొన్ని వారాల తర్వాత కూడా నిలిచిందనీ కార్లీన్ బాల్, రాబర్ట్ సెకులర్ 1980లలోనే చూపించారు. మొదటి జవాబులో చెప్పిన "ఒక్క చూపులో గ్రహించగల మేర" 40 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గిన డ్రైవర్లకు ప్రమాదాలు 2.2 రెట్లు ఎక్కువగా జరిగినట్టు 1998 నాటి అధ్యయనం చెబుతున్నది. ఆ మేరను పెంచే కంప్యూటర్ శిక్షణ పొందిన పెద్దవారిలో, వారి తప్పు వల్ల జరిగే ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గినట్టు 2010లో వెల్లడైంది. అది పరిశోధకుల పర్యవేక్షణలో జరిగిన ప్రత్యేక శిక్షణ. ఫోనులో దొరికే ప్రతి ఆటకూ ఆ గుణాన్ని అంటగట్టవద్దు.

పొగమంచు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వస్తువుకూ నేపథ్యానికీ మధ్య తేడా తగ్గినప్పుడు కదలిక నెమ్మదిగా అనిపిస్తుంది. మంచులో మన కారు వేగం మనకే తక్కువనిపించి, తెలియకుండానే కాలు ఇంకాస్త నొక్కే ప్రమాదం ఉన్నది. ఆ సమయంలో రోడ్డును చూసి వేగాన్ని అంచనా వేయకండి, మీటరు చూడండి. రాత్రి ఎదురు లైటు కంట్లో పడ్డాక చూపు తిరిగి కుదురుకోవడానికి మీ వయసులో ఎక్కువ సమయం పడుతుంది, ఆ కొన్ని సెకన్లలో లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ ఎదురైతే తప్పించడం కష్టం. శుక్లం ఉన్నదేమో చూపించుకోండి, ఉంటే తీయించుకోండి. రాత్రి ప్రయాణాన్ని మాత్రం ఇప్పుడే మానేయమని నా సలహా.

పగటిపూట సంగతి మీ ఇంటివారిని అడగండి. కుడివైపు తిరిగేటప్పుడు ఎదురుబండ్ల ముందు ఎక్కువగా తటపటాయిస్తున్నారా, పక్కనుంచి వచ్చిన బండిని చూసి ఉలిక్కిపడుతున్నారా, కారుకు కొత్త గీతలు పడుతున్నాయా అన్నది మీకన్నా వారే సరిగా చెప్పగలరు. చట్టం ప్రకారం 55 ఏళ్లు దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకొకసారి కొత్తది చేయించుకోవాలి, వైద్య ధ్రువపత్రం కావాలి. కానీ ఆ పత్రం కోసం చూసేది ఎక్కువగా నిలకడ అక్షరాలనే. కాబట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు రెండు కళ్ల పక్కచూపును కొలిచే ఫీల్డ్ పరీక్ష, నీటికాసుల పరీక్ష మీరే అడిగి చేయించుకోండి. వరంగల్‌లోని ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో సంప్రదించవచ్చు. కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలు తీసుకున్నవారు కూడా ఈ రెండు పరీక్షలు విడిగా అయ్యాయో లేదో చూసుకోవాలి. ఇంతవరకు చెప్పినవన్నీ ఏళ్ల మీద మెల్లగా వచ్చే మార్పులు. కదిలేవి ఉన్నట్టుండి రెండుగా కనిపించడం, చూపులో ఒక పక్క మాయం కావడం, నిలకడగా ఉన్న గోడలు ఊగినట్టు తోచడం వంటివి ఒక్కరోజులో మొదలైతే అది పక్షవాతానికి సూచన కావచ్చు. అప్పుడు కళ్లద్దాల దుకాణానికి వెళ్లకుండా, గంటల్లోపే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి చేరాలి.